ఆయిల్ దిగే పైపు

ఆ కారు మొదటిసారి నా షెడ్డుకు వచ్చినప్పుడు ఒక ట్రాక్టరు వెనకాల తాడు కట్టుకుని వచ్చింది. ఎనభైలు సగం దాటిన ఒక ఎండాకాలం. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద, ఊరు దాటీ దాటకముందే నా షెడ్డు ఉండేది. మూడు వైపులా రేకులు, నాలుగో వైపు రోడ్డు. మధ్యాహ్నం లోపల నిలబడితే తల మీద పెనం బోర్లించినట్టు ఉండేది.

స్టీరింగ్ దగ్గర డ్రైవరు, పక్కన ఒళ్లో నల్ల సంచీ పెట్టుకుని డాక్టరుగారు. ఆయన కంటి డాక్టరు. పదేళ్లు అరబ్బు దేశంలో పనిచేసి, సొంత ఊరు కుప్పానికి తిరిగొచ్చి ఆసుపత్రి పెట్టుకున్నారు. మంగళవారం పుంగనూరులో, గురువారం మదనపల్లెలో అద్దె గదుల్లో కూర్చుని కళ్లు చూసేవారు. వచ్చేటప్పుడు అక్కడ వాడుకున్న కారును ఓడ మీద మద్రాసుకు తెచ్చుకున్నారు. డీజిల్ కారు. దానికి టర్బో ఉంది. మా మూడు ఊళ్లలోనూ అలాంటి కారు ఇంకొకటి లేదు, దాని సామాను దొరికే అంగడి అంతకన్నా లేదు.

"టర్బో పని తెలిసినోడు నువ్వొకడే ఉండావంట కదప్పా ఈ పక్క" అన్నారు డాక్టరుగారు దిగుతూనే.

తెలుసని చెప్పాను. అది అబద్ధం కాదు. డెబ్బైలలో కుప్పంలో ఒక లారీ మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, ఆ తర్వాత నాలుగేళ్లు బోరుబండి వెంట తిరిగాను. బావులెండిపోయి ఊరూరా బోర్లు వేయించుకుంటున్న కాలం. బోరుబండి మీద గాలి కొట్టే యంత్రాన్ని తిప్పే ఇంజన్‌కు టర్బో ఉండేది. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దాని ఇరుసుకు రెండో కొసన ఉన్న ఇంకో చక్రం ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా తోస్తుంది. అందుకే బండికి అంత లాగుడు. ఆ ఇరుసు కంటికి ఆనని వేగంతో, నిప్పులాంటి వేడిలో తిరుగుతుంది. దాన్ని కాపాడేది ఆయిల్ ఒక్కటే. పైనుంచి సన్న పైపులో ఆయిల్ వస్తుంది, కింది నుంచి లావు పైపులో ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి దిగిపోతుంది. రావడానికి వెనక ఇంజన్ తోపుడు ఉంటుంది. దిగడానికి మాత్రం ఏ తోపుడూ ఉండదు. దారి వెడల్పుగా, నిటారుగా ఉంటేనే దిగుతుంది.

ఇదంతా నాకు బాగా తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు నాకు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజు ఆగిపోవడానికి కారణం టర్బో కాదు, నీళ్లు. రేడియేటర్ నుంచి ఇంజన్‌కు పోయే పై హోస్ పైపు పగిలి, ఉన్న నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. పైపును వేళ్లతో నొక్కితే పెళుసుగా విరిగింది. అరబ్బు ఎండలో ఏళ్ల తరబడి ఉడికిన రబ్బరు. బానెట్ ఎత్తి చూస్తే లోపల ఉన్న రబ్బరంతా అదే తీరున ఉంది.

"సార్, ఇది ఒక పైపుతో పోయేది కాదు. నీళ్ల పైపులు, డీజిల్ పైపులు, ఆయిల్ పైపులు, అన్నీ మార్చల్ల. బండి పది దినాలు ఈడ పెట్టండి."

"పది దినాలు యాడ కుదురుతుందప్పా? ఆపరేషన్ అయినోళ్లు కట్లతో కూర్చోని ఉంటారు. ఇప్పటికి ఇది మార్చు. మిగతాది తర్వాత సూద్దాం."

తర్వాత చూద్దామన్నది తర్వాత కూడా అలాగే సాగింది. ఒక నెలలో రేడియేటర్ కింది నీళ్ల పైపు పోయింది. లారీ హోసు కోసి, వంపు కుదిరేలా చూసుకుని బిగించాను. ఇంకో నెల డీజిల్ పైపు పగిలి గాలి పీల్చడం మొదలుపెట్టింది. ట్యాంకులో డీజిల్ ఉన్నా బండి నడిదారిలో ఆగిపోయేది. డ్రైవరు బస్సెక్కి వచ్చి నన్ను పిలుచుకుపోయేవాడు. వి.కోట దాటాక చింతచెట్టు కింద ఒకసారి, పలమనేరు ఇవతల ఒకసారి, రోడ్డు పక్కన వెల్లకిలా పడుకుని, ముఖం మీద డీజిల్ కారుతుండగా రాగి పైపు బిగించాను. బస్సులో వచ్చి, బస్సులో తిరిగిపోవడం. షెడ్డులో ఒప్పుకున్న లారీలు అక్కడే ఉండిపోయేవి. నడుము అప్పటికే పట్టేసేది. సాయంత్రం ఇంటికి పోయి సంగటి ముందు కూర్చుంటే ముద్ద నోటికి ఎత్తడం కూడా పనే అనిపించేది.

ఆ తిరుగుళ్లలో డ్రైవరు నాకు దగ్గరయ్యాడు. ముప్పై ఏళ్లవాడు. బైరెడ్డిపల్లె పక్కన పల్లె. అంతకు ముందు ట్రాక్టరు తోలేవాడు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, భుజం మీద ఒక పాత గుడ్డ వేసుకుని ఉండేవాడు. మాట తక్కువ. మొదటి రోజే అతనికి ఒక సంగతి గట్టిగా చెప్పాను.

"సూడప్పా, దూరం తోలినాక బండి ఆపుతానే ఇంజన్ ఆపేయొద్దు. మూడు నిమిషాలు స్లోలో పెట్టు. లేకుంటే టర్బోలో ఉన్న ఆయిల్ ఆడనే కాలి బొగ్గయిపోతాది. ఇరుసు పోతాది."

"నా కాడ వాచీ లేదన్నా" అన్నాడు.

"ఏదో ఒక లెక్క పెట్టుకో."

అతను పెట్టుకున్న లెక్క నేను కళ్లారా చూశాను. బండి నిలిపి, దిగి, భుజం మీద గుడ్డ తీసి నాలుగు వైపులా అద్దాలన్నీ తుడిచేవాడు. చివరి అద్దం తుడిచాకే లోపలికి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపేవాడు. నా షెడ్డు ముందు ఆపిన ప్రతిసారీ అలాగే చేశాడు. వేరే చోట చేయడనుకోవడానికి నాకు ఏ ఆధారమూ లేదు.

వానలు వెలిసి చలి మొదలయ్యాక ఒక శనివారం కారు మళ్లీ వచ్చింది. ఈసారి టర్బో కింద ఆయిల్ కారుతోంది. దిగే పైపు మధ్యలో రబ్బరు ముక్క ఉంటుంది, అది చీలింది. దానికి కావలసింది వేడి ఆయిల్‌కు తట్టుకునే ప్రత్యేకమైన హోసు. బెంగళూరు నుంచి తెప్పించాలి. నాలుగు రోజులు పడుతుంది.

"మంగళవారం పుంగనూరులో కట్లు విప్పాల్సినోళ్లు పదకొండు మంది ఉండారప్పా" అన్నారు డాక్టరుగారు. "ఏదో ఒకటి చెయ్యి."

షెడ్డులో మందపాటి నీళ్ల హోసు ముక్క ఒకటి ఉంది. కొత్తదే. సరిగ్గా సరిపోయింది. నీళ్ల హోసు ఆయిల్‌కు పనికిరాదని తెలుసు. వారం రోజులకు ఏమీ కాదనుకున్నాను. రెండు క్లిప్పులు వేసి బిగించాను. నేనే కొత్తగా వేసిన నీళ్ల పైపు అడ్డం రావడంతో ఆ ముక్కను కాస్త పక్కకు వంచి దింపాల్సి వచ్చింది. బండి స్టార్టు చేస్తే చుక్క కారలేదు. డాక్టరుగారు నా భుజం తట్టి పోయారు.

బెంగళూరు నుంచి హోసు వచ్చింది. మేకుకు తగిలించాను. కారు రాలేదు, బాగానే తిరుగుతోందని తెలిసింది. ఒక గురువారం డాక్టరుగారు మదనపల్లెలో ఉన్నప్పుడు పోయి మార్చి రావచ్చు. ఆ గురువారం ఒక లారీ గేరుబాక్సు విప్పి ఉంది. పై గురువారం నాకు జ్వరం. ఆ తర్వాత మరిచిపోయాను. మరిచిపోయానని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. మేకుకు తగిలించిన హోసు రోజూ కళ్ల ముందే ఉండేది.

మూడు నెలలకు కారు పొగ చిమ్ముతూ వచ్చింది. నీలం రంగు పొగ, రోడ్డుకు ఆ పక్కనున్న ఇళ్లు కనపడనంత. లాగుడు పూర్తిగా పోయింది. టర్బో విప్పాను. ఇరుసును వేలితో కదిలిస్తే ఊగింది. లోపలంతా నల్లటి మడ్డి, కాలిన ఆయిల్ కంపు. డాక్టరుగారు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నారు. డ్రైవరు నాకు పళ్లెంలో కిరసనాయిలు పట్టుకుని పక్కనే ఉన్నాడు.

"యాల ఇట్లయింది?" అడిగారు డాక్టరుగారు.

ఆ క్షణంలో నేను దిగే పైపు విప్పి చూడలేదు. బయటి నుంచి అది కొత్తదానిలా ఉంది. బోరుబండ్ల మీద ఇలాంటి మడ్డి ఎన్నోసార్లు చూశాను, అన్నిసార్లూ కారణం ఒకటే. నోటికి అదే వచ్చింది.

"బండి నిలిపిన వెంటనే ఇంజన్ ఆపేస్తే ఇట్లే అవుతాది సార్."

డాక్టరుగారు డ్రైవరు వైపు తిరిగారు.

"నేను ఆపలేదు సార్" అన్నాడతను. తర్వాత నా వైపు చూశాడు. "అన్నా, నువ్వు చెప్పినట్టే చేస్తాండాను కదన్నా. అద్దాలు తుడిసినాకనే ఆపుతాను. నువ్వు సూసినావు కదా."

నేను చూశాను. ఆ మాట చెప్పడానికి నోరు తెరవాల్సింది. స్పానరు పెట్టెలో పెట్టి, ఇంకోటి వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

"నేను దిగి గదిలోకి పోతాను. ఆ తర్వాత నువ్వేం చేస్తాండావో నాకేం తెలుసు?" అన్నారు డాక్టరుగారు. గొంతు పెంచలేదు. "మేస్త్రీ ఊరికే చెప్పడు కదా."

డ్రైవరు పళ్లెం కింద పెట్టాడు. చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి బానెట్ అంచు మీద పెట్టాడు. భుజం మీద గుడ్డ తీసి మడిచి చేతిలో పట్టుకున్నాడు. "వస్తాను సార్" అని బస్టాండు వైపు నడిచిపోయాడు.

టర్బోను బెంగళూరు పంపి బాగుచేయించారు. తిరిగి బిగించింది నేనే. దిగే పైపు ముక్క అదే ఉంచాను. గట్టిగానే ఉందని, కారడం లేదని. మేకుకున్న హోసు ఆ రోజు కూడా అక్కడే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

వేరే డ్రైవరును పెట్టుకోకుండా డాక్టరుగారే తోలుకున్నారు. వాచీ చూసి మరీ మూడు నిమిషాలు స్లోలో పెట్టి ఆపేవారు. రెండు నెలలు తిరగకుండానే మళ్లీ అదే నీలం పొగ. కారును నా షెడ్డు ముందు నిలిపి, కూర్చున్న చోటనే వాచీ చూసుకుంటూ మూడు నిమిషాలు ఆగి, ఇంజన్ ఆపి దిగారు.

"ఇప్పుడు ఎవరు ఆపినారప్పా?" అన్నారు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగా అడిగారు. రేపు చెప్తానన్నాను. ఆయన బస్సులో కుప్పం పోయారు.

ఆయన పోయాక కారు కిందికి దూరి దిగే పైపు విప్పాను. చేతిలో బరువుగా అనిపించింది. బయట మచ్చ కూడా లేదు. కత్తి పెట్టి పొడవునా కోశాను. లోపలి రబ్బరు ఆయిల్ తాగి, ఉబ్బి, నానిన తోలులా మెత్తగా అయిపోయి, మూసుకుపోయింది. నేను వంచిన చోట మరీ ఘోరం. పెన్సిలు కూడా దూరదు. దిగాల్సిన ఆయిల్ దిగలేక టర్బోలోనే నిలిచి, ఉడికి, మడ్డి కట్టి, పొగగొట్టంలోకి పోయింది. రెండుసార్లూ అదే జరిగింది. మొదటి మూడు నెలల్లోనే అది సగం మూసుకుని ఉండాలి.

కోసిన పైపు రెండు ముక్కలూ ఒళ్లో పెట్టుకుని టైరు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం తెచ్చిన నా భార్య చాలాసేపు నిలబడి చూసి, "ఏమయా, తినవా?" అంది. పైపు చూపించి జరిగిందంతా చెప్పాను. ఆమెకు ఇంజన్ల సంగతి తెలియదు. కానీ వరసగా చెప్తే ఎవరికైనా అర్థమయ్యే సంగతే అది.

"ఆ మనిషికి చెప్పినావా?" అంది.

"డాక్టరుకా? రేపు చెప్తాను."

"డాక్టరు కాదు. బీగంచెవి పెట్టేసి పోయిన మనిషికి."

నేను పైపు ముక్కలు కాగితంలో చుట్టాను. అన్నం గిన్నె నా పక్కన పెట్టి, మూత తీసి పోయింది.

మరునాడు డాక్టరుగారికి ఆ మాట చెప్పలేదు. పది రోజులు బండి ఇక్కడ ఉండాల్సిందేనని మాత్రం ఆసుపత్రికి ఫోను చేయించి చెప్పించాను. ఈసారి ఆయన అడ్డం చెప్పలేదు. టర్బో మళ్లీ బెంగళూరుకు పోయింది. దాని వెంట నేనూ పోయి, అంగడి అంగడి తిరిగి కావలసినవి ఏరి తెచ్చుకున్నాను.

ఆ పది రోజులు చేసినంత శ్రద్ధగా నా జీవితంలో ఎప్పుడూ పని చేయలేదు. చేస్తున్నంతసేపు సంతోషం లేదు. కారులో ఉన్న పాత రబ్బరంతా పీకేశాను. నీళ్లకు లోపల గుడ్డ నేసిన మందపాటి హోసులు వేశాను, ఏదీ టర్బోకు జానెడు దూరం లోపు రాకుండా. డీజిల్‌కు నేను వేసిన రాగి పైపులు అదురుకు అప్పటికే వెంట్రుకవాసి చీలుతున్నాయి. అవి తీసేసి, ట్యాంకు నుంచి ఫిల్టరు దాకా ఉక్కు పైపు పరిచాను. రాళ్లు తగలకుండా ఛాసిస్ లోపలి వైపు నుంచి నడిపి, మూరకొక చోట రబ్బరు పెట్టి క్లిప్పు బిగించాను. టర్బోకు ఆయిల్ తెచ్చే సన్న పైపు కొత్తది చేశాను. పైపు నలగకుండా ఇసుక నింపి, రెండు కొసలూ మూసి, వేడి చేసి, కొద్దికొద్దిగా వంచాను. ఒకటి వంపు చెడితే పారేసి ఇంకోటి.

దిగే పైపు చివరన చేశాను. పూర్తిగా ఉక్కుది, బొటనవేలు దూరేంత వెడల్పు, ఎక్కడా పక్కకు తిరగకుండా టర్బో నుంచి చాంబర్‌కు నేరుగా. దానికి దారి కోసం మొదట బిగించిన నీళ్ల పైపు విప్పి ఇంకో పక్క నుంచి తిప్పాను. ఇత్తడి అతుకు పెడుతున్నప్పుడు కరిగిన చుక్క ఎడమ చేతి మణికట్టు మీద పడింది. చర్మం లేచిపోయింది. కట్టు కట్టుకుని మిగతా పని ఒంటి చేత్తో చేశాను. చివరికి డీజిల్ పైపుల్లో గాలి తీసి, స్టార్టు చేసి, గంటసేపు ఇంజన్ నడిపి, కిందికి దూరి ఒక్కొక్క అతుకూ తడిమి చూశాను. అన్నీ పొడిగా ఉన్నాయి. అక్కడే నేల మీద పడుకుండిపోయాను. లేవాలనిపించలేదు.

కారును నేనే కుప్పం తోలుకుపోయాను. డాక్టరుగారి గదిలో కంటికి కట్టుతో ఒక ముసలమ్మ ఉంది. ఆమె పోయేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి పోయి, కోసిన రబ్బరు ముక్కలు కాగితంలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

"సార్, తప్పు నాది. ఆ డ్రైవరుది కాదు."

అంతా చెప్పాను. మేకుకు తగిలించిన హోసు సంగతి కూడా. ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, లోపలి ఉబ్బును గోటితో నొక్కారు.

"ఆ దినమే ఈ మాట యాల చెప్పలేదప్పా?"

"ఆ దినం నాకు తెలీదు సార్."

"తెలీదు అని చెప్పింటే సరిపోయేది కదా. నేనడిగింది కారణం. నీకు తెలీకుండానే ఒక మనిషిని చూపిస్తివి."

ఆయన అద్దాలు తీసి కళ్లు నలుపుకున్నారు. ఆయన కూడా అలసిపోయి ఉన్నారు. "నేను కూడా ఆ మనిషిని ఇంకో మాట అడగలేదులే" అన్నారు చివరికి. "తిరిగొస్తానంటే రమ్మని చెప్పు."

తిరుగు ప్రయాణంలో వి.కోట మీదుగా వచ్చి బైరెడ్డిపల్లెలో బస్సు దిగాను. పల్లె అక్కడికి రెండు మైళ్లు. అడిగి, నడిచిపోయాను. అతను ఇంటి వెనక పొలం చెక్కలో పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోస్తున్నాడు. నన్ను చూసి కొడవలి ఆపాడు, కింద మాత్రం పెట్టలేదు. మనిషి చిక్కిపోయాడు. చొక్కా లేదు.

నిలబడే చెప్పాను. కోసిన రబ్బరు ముక్క ఒకటి అతనికోసం తెచ్చాను. చేతికిచ్చాను. చూసి తిరిగి ఇచ్చేశాడు.

"నాకెందుకన్నా ఇది? నేను ఆపలేదని నాకు తెలుసు కదా."

"డాక్టరు నిన్ను రమ్మన్నాడప్పా."

"ఆ కారు నాకొద్దు."

"మరి నేనేం చేయల్ల?"

కొడవలిని గట్టు మీద గుచ్చాడు. "ముందు నేను ఎవురి ట్రాక్టరు తోలుతాంటినో ఆ రైతు ఈ ఊర్లోనే ఉండాడు. పని అడిగితే, పెద్ద కారు ఇంజను కాల్చినోడికి నా ట్రాక్టరు ఎట్లిస్తానన్నాడు. నలుగురిలో అన్నాడు. వచ్చి ఆయప్పకు చెప్పు. నాకు చెప్పినట్టు కాదు. నలుగురిలో చెప్పు."

అతను ఇంట్లోకి పోయి చొక్కా వేసుకుని, గుండీలు మెడ దాకా పెట్టుకుని వచ్చాడు. ఊళ్లోకి నడిచాం. ఆ రైతు ఇంటి అరుగు మీద ఆరేడుగురు కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నారు. నన్ను ఎవరో చుట్టమనుకుని కూర్చోమన్నారు. కూర్చోలేదు. మదనపల్లెలో నా షెడ్డు ఎక్కడుందో, నేనేం పని చేస్తానో చెప్పి, ఆ తర్వాత ఇంజన్ పోయింది నా పైపు వల్ల, ఇతని వల్ల కాదని చెప్పాను. వినపడలేదని ఒకతను అంటే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి రబ్బరు ముక్క చేతిలో పట్టుకుని, ఆయిల్ ఎట్లా దిగాలో, ఎట్లా నిలిచిపోయిందో కూడా చెప్పాను. అది చేతులు మారుతూ అరుగంతా తిరిగింది.

"నువ్వే మేస్త్రీవి, నువ్వే చెడిపితివా?" అన్నాడు ఆ రైతు.

"ఊ."

"మరి ఈయప్ప మింద యాల చెప్పినావు?"

"నోటికొచ్చింది చెప్పేస్తినప్పా. తప్పు."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు నాకు తగిలింది. డ్రైవరు నవ్వలేదు. గోడకు ఆనుకుని, నేను చెప్పిన మాటల్లో ఏదైనా తక్కువయిందా అన్నట్టు వింటున్నాడు. రైతు అతని వైపు చూసి, "సరే, వానలు పడనీ, సూద్దాం" అన్నాడు. అంతే.

డ్రైవరు నన్ను ఊరి చివరిదాకా సాగనంపలేదు. అరుగు దగ్గరే ఆగిపోయాడు. "పొద్దు పోతాంది, బస్సు తప్పిపోతాది" అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. రెండు మైళ్లూ నడిచి వచ్చి, బస్సులో నిలబడి పుంగనూరు దాకా, అక్కడి నుంచి కూర్చుని మదనపల్లె దాకా వచ్చాను. కాలిన మణికట్టు చీము పట్టి సలుపుతోంది. ఇంటికి పోయి చెప్పొచ్చానని అంటే, నా భార్య తల ఊపి కట్టు మార్చడానికి వేడినీళ్లు పెట్టింది.

నలుగురిలో చెప్పిన మాట నలుగురితో ఆగదు. పలమనేరు పక్క లారీలు రెండు నా దగ్గరికి రావడం మానేశాయి. కలికిరి నుంచి వచ్చే ఒక జీపు ఆసామి పని అప్పగిస్తూ, "ఈసారి సరైన పైపే ఏస్తావు కదా" అని నవ్వేవాడు, చాలా ఏళ్లపాటు. వేస్తానని చెప్పేవాణ్ణి. ఎవరైనా బండి తెచ్చి యాల ఇట్లయిందని అడిగితే, విప్పి చూడకుండా జవాబు చెప్పడం మానుకున్నాను. అందువల్ల కొందరు నాకు పని రాదనుకున్నారు.

డాక్టరుగారి కారు ఆ పైపులతోనే తిరిగింది. మంగళవారం పుంగనూరు, గురువారం మదనపల్లె. ఏడాదికోసారి కిందికి దూరి అతుకులన్నీ తడిమి చూసేవాణ్ణి. నా ముందర టర్బో మళ్లీ చెడలేదు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక కారును బెంగళూరులో ఎవరికో ఇచ్చేశారు.

ఆ వానాకాలం రైతు అతనికి ట్రాక్టరు ఇచ్చాడని బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన ఒక లారీ క్లీనరు చెప్పాడు. అతన్ని ఆ తర్వాత ఒక్కసారే చూశాను, పుంగనూరు సంత దగ్గర. ట్రాలీ నిండా టమాటా బుట్టలు వేసుకుని జనం మధ్య మెల్లగా పోతున్నాడు. నేను చెయ్యెత్తాను. గుర్తుపట్టాడు. ట్రాక్టరు ఆపలేదు గానీ, "బాగుండావాన్నా?" అని అరిచాడు. బాగున్నానని చెప్పేలోపు దాటిపోయాడు. నేను కొనాల్సిన ఉల్లిగడ్డలు కొనుక్కుని బస్టాండుకు నడిచాను.